ఆంగ్ల నుడికారము - పాటకవి : పెనుగొండ సీమ సాక్ష్యములు

ఏ భాషయందైనను పదము వేఱు, నుడికారము వేఱు. పదముల యర్థము నిఘంటువులో దొరకును. ఆ పదములే కలిసి తరతరములుగా జనుల నోట నలిగి పొందిన యర్థము నిఘంటువులో దొరకుట యరుదు. 2022లో అనంతపురము జిల్లానుండి విడివడిన శ్రీ సత్యసాయి జిల్లాలో, కదిరికి పడమట, ఓబులదేవరచెరువు అను నూరు కలదు. ఈ పేరులోని మొదటి శబ్దమును సంస్కృత కోశములలో వెదకువానికి శ్రమ తప్ప ఫలము లేదు. 'అహోబల' శబ్దము జనుల నోట 'ఓబుల' అయినదని యెఱిగినవానికే ఓబులదేవర యనగా నరసింహస్వామి యని స్ఫురించును. ఇంటి భాషలోని యొక యూరి పేరునకే ఇట్టి యెఱుక యావశ్యకమైనపుడు, పరభాషలో పాట కట్టబూనిన కవికి ఎంతటి యెఱుక కావలెనో ఊహింపవచ్చును.

మన దేశమున ఆంగ్లమును గూర్చి ఈ ప్రశ్న తీవ్రముగా పుట్టినది. దీనికి 1935లో ఐర్లండు కవి విలియం బట్లర్ యేట్సు కఠినమైన సమాధానము నిచ్చెను. చిత్రకారుడగు రోథెన్‌స్టైనునకు వ్రాసిన లేఖలో ఆయన, రవీంద్రనాథునకు ఆంగ్లము రాదనియు, భారతీయులలో నెవ్వరికిని రాదనియు, బాల్యమున నేర్చి యటుపిమ్మట ఎల్లప్పుడును ఆలోచనకు సాధనముగా నుంచుకొనని భాషలో గానగుణముతో, శైలితో ఎవ్వరును వ్రాయజాలరనియు తీర్పు చెప్పెను. 1912లో ఆంగ్ల గీతాంజలికి పీఠిక వ్రాసి దానిని పాశ్చాత్యలోకమునకు పరిచయము చేసినవాడును ఈ యేట్సే. కావున ఈ మాటను కేవలము ద్వేషోక్తిగా త్రోసివేయరాదు. ఇది నిజమైనచో మన విద్యార్థి ఆంగ్లమున కవిత్వము చదువుట వఱకే కాని వ్రాయుటకు అధికారి కాడు. నిజము కానిచో ఎందుచేత కాదో చూపవలసిన భారము మనపై నున్నది.

ఈ పరీక్షకు దూరదేశములకు పోనక్కఱలేదు. ఓబులదేవరచెరువునకు పడమట పెనుగొండ, వాయవ్యమున ధర్మవరము, ఆగ్నేయమున మదనపల్లె కలవు. ఈ మూడు పట్టణములతో సంబంధము గల మువ్వురు కవుల యనుభవములను ముఖ్య సాక్ష్యములుగా గ్రహించి, వానికి తోడుగా కొన్ని యితర సాక్ష్యములను జోడించి, యేట్సు తీర్పును పరిశీలించుట ఈ వ్యాసము నుద్దేశము.

ముందుగా చిక్కు ఎచ్చట నున్నదో గుర్తింపవలెను. ఆంగ్లమున 'గివ్' అనగా ఇచ్చుట. 'గివ్ అప్' అనగా మానుకొనుట. 'గివ్ ఇన్' అనగా లొంగుట. 'గివ్ అవే' అనగా ఒకచో ఊరక ఇచ్చివేయుట, వేఱొకచో దాచిన దానిని బయటపెట్టుట. ఇచ్చుట అను నర్థమునుండి ఈ యర్థములను తర్కముచే రాబట్టుట సాధ్యము కాదు. అయినను తెలుగువానికి ఇట్టి ప్రయోగము క్రొత్త కాదు. 'నోరు' తెలిసి, 'పాఱవేసికొనుట' తెలిసినంత మాత్రమున 'నోరు పాఱవేసికొనుట' తెలియదు. 'కాళ్ళు', 'బేరము' తెలిసినవానికి 'కాళ్ళబేరము' తెలియదు. కావున నుడికారమను వస్తువు మనవానికి పరిచితమే. ఆంగ్లమున అది యెచ్చట పొంచియున్నదో మాత్రము తెలియదు.

పాటకవికి రెండవ చిక్కొకటి కలదు. తెలుగు పద్యము గురులఘువులపై, తెలుగు పాట మాత్రలపై, తాళముపై నిలుచును. ఆంగ్ల పద్యము ఊనికపై నిలుచును. ఒక పలుకుబడిలో ఏ యక్షరమును ఊనిపలుకవలెనో ఆంగ్లేయుని చెవికి పుట్టుకతోడనే తెలియును. 'గివ్ అప్' అను జంటలో సామాన్యముగా ఊనిక రెండవ పదముపై పడును. మన పాటకవి దానిని తాళమున బిగించి మొదటి పదమును సాగదీసినచో, ప్రతి పదము సరిగానే యుండియు పలుకుబడి చెదరిపోవును. వచనరచయితకు అర్థము తెలిసిన చాలును. పాటకవికి అర్థముతో పాటు ఊనికయు తెలియవలెను. ఊనిక కోశములలో గుర్తుగా నుండునేమో కాని దాని నడక చెవికే తెలియును. అందుచే ఈ ప్రశ్నకు మిగిలిన కవులకంటె పాటకవియే సరియైన నికషము.

ఇక చరిత్రకు వత్తము. దక్షిణదేశమున పాట ఆంగ్లమును తాకినపుడు మొదట గ్రహించినది మెట్టును, మాటను కాదు. ముత్తుస్వామి దీక్షితులు (1775-1835) యౌవనమున చెన్నపట్టణపు సమీపమందలి మణలిలో నుండి, తమ పోషకులగు మొదలియారుల మూలమున కోటలోని ఐరోపీయ వాద్యబృందముల గానమును వినిరి. ఆ మెట్లకు సంస్కృత సాహిత్యమును కూర్చిరి. బ్రిటిషువారి రాజగీతపు మెట్టునకు కూర్చిన దేవీస్తుతియు వీనిలో కలదు. వీనిని నొట్టుస్వర సాహిత్యములందురు. ఈ పేరులోని 'నొట్టు' ఆంగ్లపు 'నోటు' శబ్దమే. ఆ యాంగ్లగీతముల భావమును గాని, పలుకుబడిని గాని దీక్షితులు ముట్టలేదు. ఇది అజ్ఞానము కాదు, వివేకము. చెవికి అందినది గ్రహించి, అందని దానిని విడిచిరి.

రెండవ దశలో మనవారు గ్రహించినది రూపము. దీనికి సాక్షి ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853-1912). ఆయన పుట్టినది ధర్మవరమున. ప్లీడరు వృత్తి చేసినది బళ్ళారిలో. 1882లో అనంతపురము జిల్లా యేర్పడువఱకు ధర్మవరము బళ్ళారి జిల్లాలోనిదే గనుక ఈ సంబంధము సహజము. తెలుగు, కన్నడము వీధిలో కలిసి నడచు నూరది. 1887లో బళ్ళారిలో ప్రదర్శితమైన చిత్రనళీయము మొదలుగా ఆయన తెలుగు నాటకమున పాటకు స్థానము కల్పించిరి. ఆయన విషాదసారంగధరము తెలుగున తొలి విషాదాంత నాటకముగా పరిగణింపబడుచున్నది. సంప్రదాయ కథలో సారంగధరుడు సిద్ధుని కరుణచే తెగిన యవయవములను మరల పొందును. ఆచార్యులవారు ఆ శుభాంతమును విడిచి, ఆంగ్ల నాటకములందలి విషాదాంతమును కైకొనిరి. గమనింపదగినది యేమనగా, ముగింపు ఆంగ్ల సంప్రదాయమునుండి వచ్చినను పాటల పలుకుబడి తెలుగుదే. పరభాషలోని రూపము అనువాదమునకు లొంగును, నుడికారము లొంగదు. ఈ భేదమును ఆయన శాస్త్రముగా చెప్పలేదు, చేసి చూపిరి.

ఇదే సారంగధరుని కథను విజయనగరమున యువకుడైన గురజాడ అప్పారావు ఆంగ్లమున పద్యకావ్యముగా రచించి 1883లో ప్రకటించెను. కలకత్తానుండి 'రీస్ అండ్ రయ్యత్' పత్రికను నడపిన శంభుచంద్ర ముఖర్జీ దానిని మెచ్చుకొనుచునే మాతృభాషలో వ్రాయుమని హితవు చెప్పెను. ఒకే కథ, ఒకరు ఆంగ్ల నాటకరూపమును తెలుగు మాటలలో నింపిరి, వేఱొకరు తెలుగు కథను ఆంగ్లపు మాటలలో నింపిరి. జనులలో నిలిచినది మొదటిది.

అయినను గురజాడ ఆంగ్లపు నుడికారమునకు దూరమైనవాడని తలపరాదు. నేడు ప్రచారమునందున్న 1909 నాటి కన్యాశుల్కమున గిరీశముచేత వితంతువును గూర్చి ఆంగ్లమున ఒక పద్యమును చెప్పించెను. అందు గిరీశము, గంటల వేళను చెప్పు సామాన్యమైన యాంగ్లపు పలుకుబడిని ప్రాసకొఱకు తలక్రిందులు చేయును. ఆంగ్లము తెలిసిన ప్రేక్షకుడు అచ్చట నవ్వును. ఆ నవ్వు గిరీశముపై. కాని దానిని పుట్టించినవాని చెవి ఎంత నిశితమైనదో కూడ అది తెలుపుచున్నది. పలుకుబడిని తెలియక చెఱచుట వేఱు, తెలిసి చెఱచుట వేఱు. కోశముతో పాట కట్టువాని మొదటి చరిత్రకారుడు గురజాడయే యని మా యభిప్రాయము.

మూడవ దశకు మదనపల్లె సాక్షి. 1919లో రవీంద్రనాథ ఠాకూరు దక్షిణదేశ పర్యటనలో అచ్చటి దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసిరి. కళాశాలాధ్యక్షుడు జేమ్స్ కజిన్సు ఐర్లండు కవి. 1915లో మన దేశమునకు వచ్చినవాడు. ఆయన భార్య మార్గరెట్ కజిన్సు పాశ్చాత్య సంగీతమున నిపుణురాలు. కజిన్సు కోరికపై రవీంద్రులు, 1911 డిసెంబరులో కలకత్తా కాంగ్రెసులో తొలుత పాడబడిన 'జనగణమన' గీతమును అచ్చట పాడిరి. దానిని ఆంగ్లమున 'భారతదేశ ప్రభాతగీతము' అను నర్థము గల పేరుతో తామే అనువదించిరి. ఆ వ్రాతప్రతి తేది 1919 ఫిబ్రవరి 28. మెట్టును స్వరలిపిలో నిలుపుటలో మార్గరెట్ కజిన్సు తోడ్పడెను. పుట్టుకతో ఆంగ్లము పలుకని పాటకవి తన పాటను తానే ఆంగ్లమునకు తెచ్చుట, ఆ పని మన రాయలసీమలో జరుగుట, ప్రక్కనే ఆ భాషను పలుకు కవియు, సంగీతజ్ఞురాలును ఉండుట - మన ప్రశ్నకు ఇంతకంటె తగిన ఘట్టము లేదు.

ఆ యనువాదమును నుడికారదృష్టితో పరిశీలించినచో రెండు విషయములు తేటపడును. మొదటిది, అందు ఆంగ్లేయుల నిత్యవ్యవహారపు పలుకుబడులు దాదాపు లేవు. దేశభాగముల పేర్లు, కొండలు, నదులు, సముద్రము, రథము, రాత్రి, ఉదయము - ఏ భాషలోనైనను దృశ్యముగా నిలుచు వస్తువులే కలవు. రెండవది, 'జయ' అను జేకొట్టు. ఆంగ్లేయులు తమ రాజును అభినందించునపుడు చిరకాలము జీవింపుమందురు. మనవలె 'జయము నీకు' అను వాడుక వారికి లేదు. రవీంద్రులు వారి పలుకుబడిని అరువు తెచ్చుకొనక, జయార్థకమైన 'విక్టరీ' శబ్దమును గ్రహించి, మన జేకొట్టునే ఆంగ్లపు మాటలలో నిలిపిరి. ఆంగ్లేయునకది క్రొత్తగా వినబడును. కాని తప్పుగా వినబడదు.

ఇది యాదృచ్ఛికము కాదు. 1913లో తమ యన్నకుమార్తె ఇందిరాదేవికి వ్రాసిన లేఖలో రవీంద్రులు, తమకు ఆంగ్లము వ్రాయుట రాదనుట అందఱెఱిగిన విషయమనియు, ఆంగ్లమున తేనీటి విందునకు పిలుపు వచ్చినచో బదులు వ్రాయుటకు సైతము ధైర్యము చాలదనియు చెప్పుకొనిరి. దీనిని వట్టి వినయముగా తీసివేసిన వారు కలరు. మాకు ఇందు ఒక శాస్త్రసత్యము కనబడుచున్నది. విందు చీటికి కావలసినది నుడికారము. గీతాంజలికి కావలసినది దృశ్యము, లయ. చిన్న చీటి వ్రాయుటకు భయపడిన కవి పెద్ద పాటను వ్రాయగలిగెననుట విరోధాభాసము కాదు. తన బలము నెఱిగి, బలహీనతను తప్పించి నడచిన నేర్పది. యేట్సు మొదట చూచినది ఆ బలమును. 1935లో పేర్కొన్నది ఆ బలహీనతను.

బాల్యముననే ఆంగ్లము నేర్చినవారి స్థితి ఎట్టిది? దీనికి హైదరాబాదునుండి సాక్ష్యము కలదు. సరోజినీ నాయుడు (1879-1949) చిన్ననాట ఆంగ్లము పలుకుటకు మొండికేసి, తొమ్మిదవ యేట తండ్రిచే శిక్షింపబడి, అది మొదలు ఆ భాషను అలవఱచుకొనిరి. వారి తొలి పద్యములను చూచిన ఎడ్మండు గాస్ అను విమర్శకుడు, ఆంగ్లదేశపు పక్షులను, తోటలను విడిచి దక్కను సీమను పాడుమని హితవు చెప్పినట్లు 1912లో ఆమె రెండవ సంపుటి పీఠికలో వ్రాసెను. ఆ తొలి రచనలలో ఆంగ్లము తప్పు కాదు. ఆంగ్లేయులదే కాని ఆమెది కాదు. పల్లకి మోయువారిని, గాజులమ్మువారిని పాడిన తరువాతనే ఆమెకు స్వరము దొరకినది. యేట్సు చెప్పిన బాల్యాభ్యాసము ఇచ్చట కలదు. అయినను అది యొక్కటే చాలలేదు.

నాలుగవ సాక్ష్యము పెనుగొండ. పుట్టపర్తి నారాయణాచార్యులు (1914-1990) అనంతపురము జిల్లా చియ్యేడులో జన్మించి, బాల్యమును పెనుగొండలో గడపిరి. విజయనగర రాజులకు రెండవ రాజధానియైన ఆ కోటను చూచి చిన్ననాటనే 'పెనుగొండలక్ష్మి' కావ్యమును వ్రాసిరి. తరువాత విద్వాన్ పరీక్షకు తాము కూర్చున్నపుడు ఆ కావ్యమే పాఠ్యగ్రంథమగుట సాహిత్యలోకమున ప్రసిద్ధము. సంగీతనృత్యములను అచ్చటనే అభ్యసించిరి. మన ప్రశ్నకు ముఖ్యమైనది వేఱొకటి. పెనుగొండలో సబ్‌కలెక్టరుగా నుండిన పిట్ దొర భార్య, పిట్ దొరసాని, ఆ బాలునకు ఆంగ్ల సాహిత్యమును నేర్పెను. షేక్‌స్పియరును ఆయన మొదట ఎదుర్కొన్నది కోశముతో కాదు. ఆ భాషలో పుట్టి పెరిగిన యొక స్త్రీ కంఠమున.

దాని ఫలము ఏమి? అటుపిమ్మట పెక్కు భాషలను వశపఱచుకొనిన ఆచార్యులవారు ఆంగ్లమున 'లీవ్స్ ఇన్ ది విండ్' అను కవితాసంపుటిని, 'ది హీరో' అను నాటకమును వ్రాసిరి. సంపుటి పేరును పరికింపుడు. గాలిలోని యాకులు - ఇది ఏ భాషవానికైనను కన్నులకు కట్టు దృశ్యము; కోశము నడుగవలసిన పలుకుబడి కాదు. తాళగతులను, మాత్రల నడకను నమ్మిన 'శివతాండవము'ను మాత్రము ఆయన తెలుగున వ్రాసిరి. ఏ భాషలో ఏది పాడవలెనో చెప్పగలిగినది శిక్షణ పొందిన చెవియే. ఆంగ్లపు లయను విన్నవాడు గనుకనే తెలుగు లయను దానిలో దూర్చబూనలేదని మేము తలచుచున్నాము.

ఇప్పుడు త్రాసు రెండవ తట్టను చూడవలెను. యేట్సు నియమము ఆంగ్లమునకు సత్యమైనచో తెలుగునకును సత్యము కావలెను. కాని తెలుగు పాట చరిత్ర దానికి ఎదురు నిలుచుచున్నది. తంజావూరి మహారాష్ట్ర ప్రభువు శాహజీ (పాలనము 1684-1712) తెలుగున పదములను, యక్షగానములను రచించెను. తిరువాన్కూరు ప్రభువు స్వాతితిరునాళ్ (1813-1846) మలయాళి. ఆయన కృతులలో తెలుగువి కలవు. మైసూరు వాసుదేవాచార్యులు (1865-1961) కన్నడిగులు. వారి కృతులలో అధికభాగము తెలుగున, సంస్కృతమున నున్నవి. వీరెవ్వరికిని తెలుగు తల్లిభాష కాదు. వీరి పాటలను తెలుగువారు పరభాషీయుల పాటలని త్రోసివేయలేదు.

ఇది ఎట్లు సాధ్యమైనది? శాహజీ కొలువులో తెలుగు దినదినము వినబడెను. వాసుదేవాచార్యులకు గురువు పట్నము సుబ్రహ్మణ్యయ్యరు. త్యాగరాజ సంప్రదాయపు కృతిభాష ఆయనకు పాఠాంతరముగా నోటికి వచ్చినది. జాగు, మొఱ, చేపట్టుట, కనికరము మొదలగు మాటలు ఏ మాటతో జతపడునో, తాళమున ఎచ్చట ఒదుగునో, వేలసార్లు పాడి తెలిసికొనిరి. అనగా నుడికారమునకు రెండు ద్వారములు కలవు: పలుకువాని సాంగత్యమొకటి, పాటల సంప్రదాయమొకటి. రెండును చెవి ద్వారములే. బాల్యము ఈ ద్వారములను సులభముగా తెఱచును, నిజమే. కాని బాల్యము దాటినంతనే అవి మూతపడవు.

ఆంగ్లేయుడైన చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఈ సత్యమునకు ఆవలి యొడ్డునుండి సాక్షి. ఇరువదేండ్లు దాటిన వయసున కడపకు వచ్చిన ఆయన 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. ఆ వేమన సమాధి కదిరి సమీపమందలి కటారుపల్లెలో నున్నదని సంప్రదాయము చెప్పుచున్నది. 1850 దశకపు తొలి యేండ్లలో వెలువడిన బ్రౌను నిఘంటువులు నేటికిని మనకు పనికివచ్చుటకు కారణము, వాడుకలోని పలుకుబడులను పండితులనుండియే కాక సామాన్యులనుండియు విని చేర్చుకొనుటయే. వినినవాని కోశమది.

కాలక్రమమున ఆంగ్ల నుడికారము కొంత తెలుగున ఇంకిపోయినది. 'మొసలి కన్నీరు', 'తెల్లయేనుగు' అను మాటలు నేడు పల్లెలలోను వినవచ్చును. మరణమును ఎగతాళిగా చెప్పు 'బాల్చి తన్నివేయుట' ఆంగ్లపు 'కిక్ ది బకెట్' అను దాని ఛాయయే. అందలి 'బాల్చి'కి కూడ మూలము పోర్చుగీసు శబ్దమని భాషావేత్తలు చెప్పుదురు. కాని కుండపోత వానను 'కుక్కలు, పిల్లులు కురిసినవి' అని తెలుగున ఎవ్వరును అనలేదు; 'కుండపోత' యుండగా దాని యక్కఱ కలుగలేదు. తనకు లేనిదానిని భాష పుచ్చుకొనును, ఉన్నదానిని విడువదు. పాటకవికి ఇదియే కొలబద్ద. ఆంగ్లపు పలుకుబడిని పాటలో నిలుపబోవువాడు, దానిని పలుకగా వింటినా, దాని యూనిక నా తాళమునకు ఒదుగునా, ఈ భావమునకు నా భాషలో మాట లేదా అని మూడు ప్రశ్నలు వేసికొనవలెను. మూటికిని సమాధానము తృప్తికరమైనపుడే దానిని గ్రహించుట మేలు.

యేట్సు తీర్పును గూర్చి మా నిర్ణయమిది. పరభాషలో నుడికారము దుర్లభమనుట సత్యము. బాల్యమొక్కటే దానికి త్రోవ యనుట సత్యము కాదు. మదనపల్లెలో రవీంద్రులు నుడికారమును తప్పించి గెలిచిరి. ధర్మవరము ఆచార్యులవారు రూపమునే గ్రహించి గెలిచిరి. పుట్టపర్తివారు కంఠము విని నేర్చిరి. త్రోవలు మూడైనను, తమకు వినబడినదెంతయో ఎఱిగి వ్రాయుట ముగ్గురకును సమానము.

పరిశోధకులు చేయవలసిన పని ఇంకను కలదు. జావళీలలో చొరబడిన యాంగ్లపదములు, నాటకముల పాటలలోని పలుకుబడులు, వార్తాపత్రికల మూలమున వచ్చిన ఛాయానువాదములు - వీనిని కాలక్రమమున ఏర్చి, ఏది తొలుత ఎచ్చట కనబడినదో నిర్ణయించు పట్టిక అవసరము. అధ్యాపకులకును ఒక విన్నపము. ఓబులదేవరచెరువు వంటి యూళ్ళ పాఠశాలలలో ఆంగ్లపు పలుకుబడులను పట్టికలుగా వల్లెవేయించుటకు బదులు, ఒక్కొక్కదానిని వాక్యములో, వీలైనచో పాటలో, వినిపించి పలికింపవలెను. పెనుగొండలో ఒక బాలునకు దొరకిన పిట్ దొరసాని ప్రతి బాలునకును దొరకదు. కాని ఆ కాలమున లేని ధ్వనిముద్రణములు నేడు ప్రతి యూరికిని అందుచున్నవి. వానిని పాఠమున ఉపయోగించుట మన చేతిలోని పనియే.